ఏడువందల ఇరవై గ్రాముల తుపాకీ

డిప్లొమా చేతికొచ్చిన ఆ కొత్తలో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ప్రతి వస్తువుకీ ఒక పరీక్ష ఉంటుంది, ప్రతి పరీక్షకీ ఒక పట్టిక ఉంటుంది, ఆ పట్టిక గీయడానికే నేను పుట్టాను అని. ఉద్యోగం మాత్రం ఇంకా రాలేదు (ఎందుకు రాలేదో తేల్చే పట్టిక ఒక్కటే గీయలేదు). అంచేత సాలూరులో చింతపండు వ్యాపారం చేసే మా మావయ్య దగ్గర చేరాను. మావయ్య చదువుకోలేదు గానీ పరీక్షల విషయంలో నాకు గురువు. సంతలో కోడిని రెక్కల కింద చెయ్యిపెట్టి ఎత్తి చూడనిదే కొనడు, గొడ్డలిని రాయితో కొట్టి మోత విననిదే కొనడు. మా అత్తకి మిక్సీ కొన్నప్పుడు నానబెట్టిన మినప్పప్పు గిన్నెతో సహా షాపుకెళ్ళి, అక్కడే రుబ్బించి, పిండి వేళ్ళతో నలిపి చూసి మరీ ఇంటికి తెచ్చాడు. ఆ సాయంత్రం షాపువాడికి గారెలు కూడా పంపించాడు, అది వేరే సంగతి.

అలాంటి మావయ్య చేతిసంచీని ఒకసారి ఘాట్ రోడ్డు మలుపులో ఎవరో ఇద్దరు బైకు మీద వచ్చి లాక్కుపోయారు. సంచీలో ఉన్నవి ఖాళీ క్యారేజీ, కళ్ళజోడు. "ఈపాలి క్యారేజీ అట్టుకుపోయారు. రేపు సంత డబ్బులు అట్టుకుపోతే?" అన్నాడు. రివాల్వర్ లైసెన్సుకి దరఖాస్తు పెట్టాడు. ఆఫీసుల మెట్లు అరిగేలా తిరిగాక, ఆయనే ఆశ వదులుకున్న రోజున, కాగితం వచ్చింది. ఫలానా గడువులోగా తుపాకీ కొనాలని అందులో ఉంది. మా అత్త ఆ కాగితాన్ని దేవుడి పటం దగ్గర పెట్టలేదు. "ఇంట్లోకి తుపాకీ వచ్చిన్నాడు నాను మా అమ్మోరింటికి ఎల్లిపోతాను" అని మాత్రం చెప్పింది.

గడువు ఇంకా ఉంది కాబట్టి ఇద్దరం విశాఖ వెళ్ళాం. తుపాకుల షాపాయన ఖాళీ రివాల్వర్‌ను మావయ్య చేతిలో పెట్టి, చంటిబిడ్డను అపరిచితుడికిచ్చిన తల్లిలా రెండు చేతులూ చాపి ఎదురుగా నిలబడ్డాడు. మావయ్య దాన్ని వాసన చూశాడు. గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడు అసలు మాట అడిగాడు.

"ఒకపాలి పేల్సి సూపించండి."

"ఇక్కడ పేల్చకూడదండి."

"పోనీ, పట్టుకెళ్ళి మా పెరట్లో పేల్సుకుని, బాగుంటే ఉంచుకుంటాం."

"బాగోకపోతే?"

"తెచ్చిచ్చేత్తాం."

"అమ్మిన సరుకు వెనక్కి తీసుకోమండి."

మావయ్య నా వైపు తిరిగి, షాపాయనకి వినిపించేంత రహస్యంగా అన్నాడు: "సూసావా అల్లుడూ? కోడిపిల్లకున్న న్యాయం తుపాకీకి నేదు."

తిరుగు బస్సులోనే నేను మొదటి పట్టిక గీశాను. కొనకుండా పరీక్షించే మార్గాలు, ఒకటి నుంచి నాలుగు. మొదటి మార్గం షాపు, కొట్టేశాను. రెండోది మా వీధిలోని రిటైర్డ్ పోలీసు తాతగారు. "సర్వీసంతా తుపాకుల మధ్యనే గడిపానయ్యా" అని ఆయన చెబుతుండేవారు. అప్పడాల కర్ర చేతికిచ్చి, ఎలా నిలబడాలో, ఊపిరి ఎలా బిగబట్టాలో మూడు సాయంత్రాలు నేర్పారు. పేలినప్పుడు చేతికి ఎంత దెబ్బ తగులుతుందని నేను నోటుపుస్తకం తెరిచి అడిగాను. తాతగారు చాలాసేపు గడ్డం గోక్కుని, "నాది బ్యాండులో పెద్ద డ్రమ్మయ్యా. దాని దెబ్బయితే సెప్పగలను" అన్నారు. మూడో మార్గం రైఫిల్ క్లబ్బు. అక్కడ గాలి పిస్తోలు ఇచ్చారు. మావయ్య పది గుళ్ళు కాల్చాడు. ఆయన గురి కాగితం పెళ్ళి శుభలేఖంత శుభ్రంగా మిగిలింది. పక్కన కాలుస్తున్న కాలేజీ అమ్మాయి కాగితంలో మాత్రం ఆమె కాల్చినవాటి కంటే మూడు రంధ్రాలు ఎక్కువ వచ్చాయి. "థాంక్స్ అంకుల్" అంది ఆ పిల్ల.

నాలుగో మార్గం పూర్తిగా నాది. నా లెక్క ఇదీ: రివాల్వర్‌ను మనిషి కాల్చేది జీవితంలో ఒకసారో, అసలు లేదో. కానీ రోజూ మొయ్యాలి. కాబట్టి పరీక్షించాల్సింది మోయడాన్ని. బొమ్మ తుపాకీ చేస్తే చెక్‌పోస్టులో ప్రమాదమని (అంత తెలివి ఉంది), మాకు తెలిసినవాళ్ళ లేతు షెడ్డులో ఒక ఇనుప ముద్ద తిప్పించాను. షాపాయన చెప్పిన బరువు ఏడువందల ఇరవై గ్రాములు. ఒక్క గ్రాము తేడా రాకుండా ఆకురాయితో మూడుసార్లు అరగదీసి, నా పనితనానికి నేనే మురిసిపోయి, ముద్ద మీద '720' అని అచ్చు కొట్టాను. దాన్ని తోలు పౌచ్‌లో పెట్టి మావయ్య నడుముకి కట్టాను. పద్నాలుగు గడుల పట్టిక సిద్ధం చేశాను: కూర్చున్నప్పుడు గుచ్చుకోవడం, చెమట, పంచె జారడం, వగైరా.

శుక్రవారం కొండ మీది సంతకి వెళ్ళాం. ఆ సంతలో మావయ్యకొక ప్రత్యేకత ఉంది. ఇంకా పై గూడేల నుంచి దిగి వచ్చే సవర ఆడవాళ్ళు చింతపండు మూటలు ఆయన ముందు దించి, తూకం చూడకుండానే ఉప్పుకీ ఎండు చేపలకీ వెళ్ళిపోతారు. తిరిగొచ్చాక ఆయన ఎంత చెబితే అంత. అందరికంటే ముందు మూట దించేది ఒక అవ్వ. ముప్ఫై ఏళ్ళుగా అలాగే దించుతోందట. పక్క పాకలో కొనే వ్యాపారి దగ్గర మాత్రం కాటా ముల్లు కదలడం ఆగేదాకా ఎవరూ కదలరు.

ఆ రోజు అవ్వ వచ్చింది. మూట దించబోయి ఆగింది. మావయ్య నడుము చూసింది. మూట మళ్ళీ నెత్తిన పెట్టుకుని, నాలుగు బారల దూరంలో నిలబడిపోయింది. ఆమె వెనకాల వచ్చినవాళ్ళంతా ఆమె పక్కనే నిలబడ్డారు. నేను పట్టికలో 'చెమట: మధ్యస్థం' అని రాస్తున్నాను.

"ఏటవ్వా, మూట దించవా?" అన్నాడు మావయ్య.

"నడుంకాడ అదేటి బాబూ? తుపాకీయా?"

మావయ్య కంగారుపడ్డాడు. అటు పక్క పాకలో వ్యాపారి అప్పటికే కొత్త గోనె పరిచాడు. ఏడాదికి ఒక్కసారి వచ్చే పంట, ముప్ఫై ఏళ్ళ బేరం, రెండూ నాలుగు బారల దూరంలో ఊగుతున్నాయి. "తుపాకీ కాదే తల్లీ! ఉట్టి ఇనపముద్ద!" అంటూ మావయ్య పౌచ్ విప్పి, ముద్ద బయటికి తీసి, అందరికీ కనబడేలా పైకెత్తాడు.

కాటా పక్కన నిలబడి.

తుపాకీ అయితే సంత ఒక అడుగు వెనక్కి వేసి ఉండేది. ఇనుప ముద్ద చూసి రెండడుగులు ముందుకి వచ్చింది. అవ్వ ముద్దను తీసుకుని తిప్పి చూసి, అంకెలు వేలితో తడిమింది. చదువు రాకపోయినా బరువురాయి మీద అంకెలుంటాయని సంతలో తెలియనిదెవరికి? తర్వాత నెమ్మదిగా మావయ్య కిలో రాళ్ళ పక్కన, అదే పళ్ళెంలో పెట్టింది. కాటా దిగింది.

"తుపాకీ అయితే దొంగలకి బెంగ. ఇలాటి దొంగరాయి అయితే మాకు" అంది.

నేను ముందుకి దూకి, ఆ అంకె ఎందుకు కొట్టానో, లేతు షెడ్డు నుంచి రైఫిల్ క్లబ్బు దాకా, పట్టిక చూపిస్తూ వరసగా వివరించాను. పద్నాలుగో గడి దాకా ఓపిగ్గా విన్నారు. ఎవరో ఒకావిడ కిసుక్కుమంది. తర్వాత సంతంతా నవ్వింది. అప్పడాల కర్ర సంగతి రెండుసార్లు చెప్పించుకున్నారు. అవ్వ మాత్రం నవ్వలేదు.

"మా మూటలు ఇన్నేళ్ళూ నీకాడ ఒగ్గీసి ఎల్లాం గదా బాబూ" అంది మావయ్యతో. "నానెప్పుడన్నా తుపాకీ ఎట్టుకుని వచ్చానా?"

మావయ్య ఆ రోజు ప్రతి మూటా అందరి కళ్ళ ముందు, పక్క పాకలోని కాటా తెప్పించి మరీ రెండుసార్లు తూచాడు (ఆ వ్యాపారి కాటా ఇస్తూ పడిన ఆనందం నేను ఇప్పటికీ మర్చిపోలేదు). కొండ దిగుతుంటే జీపులో ఒకే మాట అన్నాడు: "అల్లుడూ, పట్టీలో రాసుకో. సరుకు బాగోనేదు."

గడువు దాటిపోయింది. తుపాకీ కొనలేదు. డబ్బుల సంచీ ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం బస్సులో, సంత ఆడవాళ్ళ మధ్యన కూర్చుని కొండ దిగడం మొదలుపెట్టాడు మావయ్య. ఆ బస్సులోంచి సంచీ లాక్కుని దిగగలిగే దొంగ ఇంతవరకూ పుట్టలేదు. అత్త పుట్టింటికి వెళ్ళాల్సిన అవసరం రాలేదు. కానీ అవ్వ మాత్రం మూడు శుక్రవారాలు తూకం అయ్యేదాకా నిలబడే ఉంది. నాలుగో శుక్రవారం మూట దించి, నన్ను ఎగాదిగా చూసి, "ఈ గుంటణ్ణి కాటా ముట్టుకోనీకు" అని మావయ్యకి చెప్పి, ఉప్పుకి వెళ్ళిపోయింది. మావయ్య తల తిప్పేసుకుని, పంచె అంచుతో కళ్ళద్దాలు చాలాసేపు తుడిచాడు.

ఇప్పుడు నేను ఒక ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షల విభాగంలో ఉన్నాను. జీతమిచ్చి మరీ పట్టికలు గీయిస్తున్నారు. ఆ ముద్ద నా బల్ల మీద, ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా కూర్చుంటుంది. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఇదేమిటి సార్ అని అడిగితే తుపాకీ అంటాను. వాళ్ళు మర్యాదకి నవ్వుతారు. నేను మాత్రం, కాటా పక్కన నోటుపుస్తకం పట్టుకుని శ్రద్ధగా 'చెమట: మధ్యస్థం' అని రాసుకుంటున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుతాను. వాడి లెక్కలో ఒక్క గ్రాము తేడా లేదు, పాపం.