ప్రతి పిల్లవాడికీ సగం ఆట

నెబ్రాస్కాలో హార్లిన్ అనే చిన్న ఊరుంది. ఆ ఊళ్ళో లోరీన్ ప్రొహాస్కాని ఎరగని రైతు లేడు. మొక్కజొన్న కోతలు మొదలైతే ఊరి చివర గోదాముల ముందు లారీలు బారులు తీరతాయి. ప్రతి లారీనీ తూకం వేసి, చీటీ చింపి కిటికీలోంచి అందించేది ఆవిడే. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, గొంతు కూడా పెద్దదే. "ముందుకి లాగు! ఇంకాస్త! ఆ, చాలు!" అని ఆవిడ అరిస్తే మైకు అక్కర్లేదు.

ఆ గొంతు ఫుట్‌బాల్ మైదానంలో పనికొస్తుందని ఆవిడకి నలభై దాటాకే తెలిసింది. అంతకు ముందు ఆవిణ్ణి మైదానంలోకి ఎవరు రానిచ్చారు గనక? ముగ్గురు అన్నలూ బడి జట్టులో ఆడినవాళ్ళే. తండ్రి వాళ్ళ ఆట ఒక్కటి కూడా వదిలేవాడు కాదు, వానొచ్చినా మంచు పడినా వెళ్ళి నిలబడేవాడు. ఇంటి వెనక ఆడుకునేటప్పుడు అన్నలు లోరీన్‌ని కంచె దగ్గర నిలబెట్టి, "బంతి పక్కింట్లో పడితే తీసుకురావే, అదే నీ ఆట" అనేవారు. ఏళ్ళ తరబడి అదే చేసింది.

అందుకే ఊరి వాళ్ళు చిన్నపిల్లలకి ఫ్లాగ్ ఫుట్‌బాల్ లీగ్ పెడదామని అగ్నిమాపక కేంద్రం హాల్లో సమావేశమైతే, ఆవిడ పని బట్టల్లోనే వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. ఇందులో పెద్దవాళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్‌లో లాగా ఒకళ్ళనొకళ్ళు పడదోసుకోవడం ఉండదు. పిల్లల నడుముకి బెల్టు కడతారు, దానికి రెండు పక్కలా గుడ్డ పీలికలు వేలాడతాయి. బంతి పట్టుకుని పరిగెత్తేవాడి పీలిక లాగేస్తే అక్కడితో ఆగిపోవాలి. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు రూల్స్ చెప్పారు. చెయ్యి అడ్డం పెట్టి పీలిక దాచుకోకూడదు. పంటికి కవచం లేందే మైదానంలోకి రాకూడదు. తల్లిదండ్రులు తెల్లగీత దాటకూడదు.

లోరీన్ లేచి నిలబడింది. "ఇంకోటి రాయండి. జట్టులో ఉన్న ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ ప్రతి మ్యాచ్‌లోనూ కనీసం సగం ఆట ఆడి తీరాలి. ఒంట్లో బాగోకపోతేనో, దెబ్బ తగిలితేనో తప్ప."

వెనక నించి ఆవిడ రెండో అన్న డేల్ నవ్వాడు. "తలా ఒక గరిటె వడ్డించడానికి ఇదేమన్నా చర్చి భోజనాలటే?"

"అవును, చర్చి భోజనాలే! నీ పళ్ళెం నువ్వు ఎప్పుడో నింపుకున్నావు, ఇంక పక్కకి తప్పుకో," అంది లోరీన్. హాలంతా గొల్లుమంది. రూలు పడింది.

డేల్ ఒక జట్టుకి కోచ్ అయ్యాడు, లోరీన్ ఇంకోదానికి. ఆవిడ పిల్లల్ని బాగా చూసుకునేది. శనివారం పొద్దుట ఆట అయ్యాక తన ట్రక్కు వెనక తలుపు దించి, పెద్ద గిన్నెలో మాంసం, చిక్కుడుగింజలు వేసి వండి తెచ్చిన చిల్లీ, దాంతో పాటు దాల్చినచెక్క రొట్టెలూ అందరికీ పెట్టేది. కానీ గెలుపు మాత్రం ఎప్పుడూ డేల్‌దే. ఆదివారం తండ్రి దగ్గర భోజనాలకి చేరినప్పుడు, డేల్ బంగాళాదుంపలు అందిస్తూ, "చిల్లీ బాగుంటుందటగా మీ జట్టుది!" అనేవాడు. తండ్రి కూడా నవ్వేవాడు.

అలా కొన్నేళ్ళు గడిచాక ఒక అక్టోబర్‌లో లోరీన్ జట్టు ఫైనల్‌కి వచ్చింది. ఎదురు డేల్ జట్టే. ఆ వారం తండ్రి కాఫీ తాగుతూ, "శనివారం నన్నూ తీసుకెళ్ళు, చూస్తాను," అన్నాడు. చిన్నప్పుడు సరే, ఆవిడ కోచ్ అయ్యాక కూడా ఆయన ఒక్క ఆటకీ రాలేదు. లోరీన్‌కి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జట్టులో ఎమెట్ సోర్గ్ అని ఒక కుర్రాడుండేవాడు. తొమ్మిదేళ్ళు. బొద్దుగా, నెమ్మదిగా ఉండేవాడు. బంతి చేతికొస్తే ఒక్కోసారి సంతోషంతో వెనక్కి పరిగెత్తేవాడు. ఒకసారి కంగారులో తన పీలిక తనే లాగేసుకున్నాడు. అయినా ప్రాక్టీసుకి అందరికంటే ముందు వచ్చేది వాడే. వాళ్ళమ్మ టాన్యా వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసి, ఆ యూనిఫాంతోనే వాణ్ణి దింపి, కారులో ఓ కునుకు తీసి, ఆట మధ్యలో లేచి వచ్చేది.

ఫైనల్ రోజు పొద్దుట లోరీన్ ఎమెట్‌ని ట్రక్కు పక్కకి పిలిచింది. పిలిచేదాకా తను ఏం అడగబోతోందో తనకే సరిగ్గా తెలియదని తరవాత తనకి తను చెప్పుకునేది. అది నిజం కాదని కూడా ఆవిడకి తెలుసు.

"ఎమెట్, కడుపులో ఎలా ఉంది నాన్నా?"

"బానే ఉంది కోచ్."

"కొంచెం నొప్పిగా లేదూ?"

వాడు ఆవిడ ముఖంలోకి చూశాడు. "ఉండాలా కోచ్?"

"ఇవాళ్టికి ఉంటే జట్టుకి మంచిది. ఎవరితోనూ అనకు, సరేనా?"

వాడు తలూపాడు. రిఫరీ వచ్చి అందరూ ఆడుతున్నారా అని అడిగేసరికి, వాడు రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని బెంచీ మీద వంగి కూర్చున్నాడు. "పాపం, ఒంట్లో బాగోలేదా?" అని రిఫరీ వాడి భుజం తట్టి వెళ్ళిపోయాడు.

లోరీన్ జట్టు గెలిచింది. చివరి నిమిషంలో డేల్ జట్టు కుర్రాడు గోల్ గీత దాకా వచ్చేశాడు కానీ, మార్లా అనే పిల్ల ఎగిరి వాడి పీలిక లాగేసింది. పిల్లలందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి అరిచారు. డేల్ వచ్చి చెల్లెలి చేయి పట్టుకుని ఊపాడు. తండ్రి మడత కుర్చీలోంచి కష్టపడి లేచి, "బాగా ఆడించావే," అన్నాడు. ఆ మాట కోసం ఎన్నేళ్ళు ఎదురుచూసిందో ఆవిడకే తెలుసు.

ట్రక్కు దగ్గర పళ్ళేలు పంచుతుంటే ఎమెట్ తీసుకోలేదు. "వద్దు కోచ్, కడుపు నొప్పి కదా," అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేలా. ఆ రొట్టెలంటే వాడికి ప్రాణం. వాడు రొట్టెల వైపు చూసి ముఖం తిప్పుకోవడం లోరీన్ గమనించింది. చాల్లే, ఇంక తిను అని చెవిలో ఒక్క మాట చెప్తే సరిపోయేది. ఈలోగా ఎవరో ఫొటో కోసం పిలిచారు. వెళ్ళింది.

సోమవారం ఓ లారీ డ్రైవర్ తూకం చీటీ అందుకుంటూ, "టాన్యా కొడుకుని హేస్టింగ్స్ ఆసుపత్రిలో పెట్టారట, విన్నావా? అపెండిక్స్ అంటున్నారు," అన్నాడు. లోరీన్ కిటికీ మూసేసి, వెనకాల లారీలు హారన్లు కొడుతున్నా చూడకుండా బయల్దేరింది.

ఎమెట్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతికి గొట్టం గుచ్చి ఉంది. నిన్నట్నించీ ఏమీ తిననివ్వలేదట. రక్తం తీశారు, స్కాన్ చేశారు, ఏమీ కనపడలేదు. అయినా పిల్లాడు ఇంకా నొప్పి అంటున్నాడు కదా అని ఉంచేశారు. టాన్యా కాఫీ తెచ్చుకోడానికి బయటికి వెళ్ళగానే వాడు గొంతు తగ్గించి, "కోచ్, ఇంకా చెప్తూనే ఉండాలా?" అని అడిగాడు.

లోరీన్ మంచం అంచున కూలబడింది. "వద్దు నాన్నా. వద్దు. అయిపోయింది."

"నేను ఎవ్వరితోనూ అనలేదు," అన్నాడు వాడు.

టాన్యా వచ్చాక లోరీన్ వరండాలో నిలబడే అంతా చెప్పేసింది. టాన్యా అరవలేదు. కాఫీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టింది.

"నువ్వు నాకు ఫోన్ చేసి, ఇవాళ వాణ్ణి తీసుకురాకు అంటే సరిపోయేది," అంది. "నిన్ను తిట్టుకునేదాన్ని. వాడు ఏడ్చేవాడు. అంతే కదా. నిన్న సూది గుచ్చుతుంటే నా చెయ్యి పట్టుకుని నొప్పి ఎక్కడుందో చూపించాడు లోరీన్. వేలు పెట్టి మరీ చూపించాడు."

"నన్ను క్షమించు."

"ఇంక వెళ్ళు. వాడికి టిఫిన్ పెట్టమని చెప్పాలి."

ఆ వారమే లోరీన్ లీగ్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. గెలుపు రద్దు చేసి డేల్ జట్టుకిచ్చారు. ఒంట్లో బాగోలేదని చెప్పాల్సింది కోచ్ కాదు, పిల్లల ఇంట్లోవాళ్ళే అని ఆ రూలు కింద ఇంకో వాక్యం చేర్చారు. ఆవిడ జట్టు పిల్లల తల్లిదండ్రుల్లో కొందరు ఆవిడతో మాట్లాడ్డం మానేశారు, ఒకాయన, "మా అమ్మాయి ఆ పీలిక ఊరికే లాగిందా?" అని దుకాణంలో అందరి ముందూ నిలదీశాడు. మార్లా తండ్రి ఆయన. అడగాల్సిన మాటే.

డేల్ ఆ గెలుపు కప్పు తీసుకోలేదు. "నాకొద్దు. ఎక్కడో పెట్టెయ్యండి," అన్నాడు. ఆ ఆదివారం బల్ల దగ్గర వెక్కిరించనూ లేదు. తండ్రి మాత్రం చెంచా కింద పెట్టి, "గెలిచినవాళ్ళు గెలిచారు. ఎవడడిగాడని వెళ్ళి చెప్పావు?" అన్నాడు. లోరీన్ ఆయన వంక చూసింది. ఫైనల్ రోజు ఆయన అన్న మాట అప్పటిదాకా ఎక్కడో లోపల దాచుకుంది. అదీ మిగల్లేదు.

ఒక సీజన్ పాటే ఆవిణ్ణి కోచ్‌గా వద్దన్నారు. ఆవిడే మళ్ళీ అడగలేదు. తరవాత ఏళ్ళన్నీ శనివారాల్లో తెల్లారకముందే వెళ్ళి మైదానానికి సున్నం గీతలు వేసి, పిల్లలు వచ్చే వేళకి వెళ్ళిపోయేది. ఎమెట్ మళ్ళీ ఫుట్‌బాల్ ఆడలేదు. బడి బ్యాండులో చేరి బాకా ఊదేవాడు.

వాడు పెద్దవాడై, గడ్డం పెంచి, టైర్ల షాపులో పనికి కుదిరాడు. ఒక చలికాలం లోరీన్ ట్రక్కు టైరు పంచరైతే వాడే బిగించాడు. షాపులో ఇంకెవరూ లేరు. ఆవిడ అంది, "ఎమెట్, ఆ రోజు నేను నీకు చేసింది..."

"ఏ రోజు కోచ్?" అన్నాడు, నట్టు బిగిస్తూనే. తరవాత పానా కింద పెట్టి నవ్వాడు. "ఓ, అదా. మీరు దాన్ని ఇంకా పట్టుకుని కూర్చున్నారా? నాకు ఆ రోజు ఎంత సంతోషమేసిందో తెలుసా? అందరికీ ఏదో ఒకటి చేతనవును. జట్టులో నాకు చేతనైన పని కూడా ఒకటి దొరికిందనుకున్నాను. అందుకే అంత బాగా చేశాను."

వాడు ఓదార్చడానికే అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. లోరీన్ అవునన్నట్టు తలాడించి బయటికొచ్చి ట్రక్కు ఎక్కింది. అద్దం మీద మంచు పేరుకుంటోంది. తాళం చెవి చేతిలోనే ఉంది. లోపల ఎమెట్ ఇంకో బండి కింద దూరి, ఏదో పాట ఈల వేసుకుంటున్నాడు.