ఊకలో చింత బుడిపె

తొందరన్నది సత్యానందం ఒంట్లోనే లేదు. పెళ్లికి మంచం చెయ్యమంటే పిల్ల పుట్టాక ఇచ్చే వడ్రంగి అని భోగాపురం పక్కన వాళ్ల పేటంతా ఏడిపించేది. "పచ్చికర్ర పగలకుండా ఆరాలంటే నా సేతిలో ఏటుంది? గాలి సేతిలో ఉన్నాది" అనేవాడు.

రోడ్డు వెడల్పు చెయ్యడానికి చర్చి ముందున్న చింతచెట్టు కొట్టేశారు. దాని మొదట్లో గంపంత బుడిపె. సత్యానందం భార్య దేవమణి దాన్ని చూసి, "మావా, దీంతో ప్రభువు బల్లకి రొట్టె పళ్లెం సెయ్యి. సర్చిలో ఆ స్టీలు ప్లేటు సూడలేకపోతన్నాను. ఒక్కపాలి నీ పళ్లెంలో రొట్టె తీసుకోవాల" అంది. అప్పటికే ఆమెకి వారానికి రెండుసార్లు డయాలసిస్.

బుడిపెలో కర్ర తిన్నగా ఉండదు, మెలికలు తిరిగిపోయి ఉంటుంది. ఓ పక్క ముందు ఆరి, ఓ పక్క తడిగా మిగిలిందా, బీట ఇచ్చేస్తుంది. అందుకే దాన్ని రెండు చెక్కలుగా కోసి, క్రిస్మస్‌కి కాలగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు కరిగించి పూసి, నెమ్మదిగా ఆరేలా ఊక బస్తాల్లో పెట్టాడు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే తీసి తూచేవాడు. బరువు తగ్గుతోందంటే లోపల ఇంకా నీరున్నట్టు. తగ్గడం ఆగితే ఆరినట్టు.

"ఆస్పత్రోళ్లు నన్నూ ఇలాగే తూస్తన్నారు మావా" అని నవ్వేది దేవమణి. "దాని నీరు ముందు తీరతాదో, నా నీరు ముందు తీరతాదో!"

"ఊరుకోయే!" అని కసిరి, చెక్కల్ని మళ్లీ ఊకలోకి తోసేసేవాడు.

చెక్కలు ఊకలో పెట్టిన ఎనిమిదో నెలలో డాక్టరు అతన్ని పక్కకి పిలిచి, "ఇక ఇంటి దగ్గరే ఉంచుకోండి" అన్నాడు. అప్పుడు చేశాడండీ, నలభై ఏళ్ల పనిలో ఎన్నడూ చెయ్యని పాపిష్టి పని. ఒక చెక్కకి మైనం గీకేసి, డాబా మీద మండుటెండలో పెట్టాడు. తెలియక కాదు, తెలిసే. మూడోరోజు మధ్యాహ్నం టప్పుమన్న చప్పుడు కింద మంచం మీదున్న దేవమణికి కూడా వినబడింది.

చెక్క తెచ్చి ఆమె ముందు పెట్టి, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె బీటలో వేలు పెట్టి చూసింది.

"నాకోసం తొందరపడ్డావా? ముప్పై యేళ్ల కాపరంలో ఇదే మొదలు. ఏటీ పర్లేదు, సెక్కు."

లేత్ మిషను మీద పెట్టి తిప్పితే రెండు ముక్కలవుతుందని ఉలితోనే చెక్కాడు.

ఆదివారం పాస్టరు ఇమ్మానుయేలు ఇంటికొచ్చి, ఆ పళ్లెంలోనే రొట్టె విరిచి ఇచ్చాడు. బీటలోంచి రాలిన పొడి దుప్పటి మీద పడితే, దేవమణి వేలితో అద్దుకుని అదీ తినేసింది. బుధవారం పోయింది.

రెండో చెక్కని సత్యానందం ఊకలోనే వదిలేశాడు. ఆదివారం తూకం మాత్రం మానలేదు. మరో ఏడాదికి బరువు తగ్గడం ఆగింది. అప్పుడు లేత్ ఎక్కించి, పళ్లెం తీసి, చర్చికి ఇచ్చాడు.

సంఘ పెద్ద బెన్హర్ దాన్ని వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పాడు. "ఎంటికంత బీట నేదు బావా! ఏటి పళ్లెం సేసినావు!"

"బాగానే ఉన్నాది" అన్నాడు సత్యానందం. "మా మణి దీన్లో తిన్నేదు, అంతే."