నానాజీ మామ కాపలా

“ష్ష్ష్...”

మా ఊరి మలుపులో, చెరకు ఆకుల మధ్య నుంచి ముందు ఈ చప్పుడు వస్తుంది. పామేమోనని కొత్తవాళ్లు బండి ఆపేస్తారు. తర్వాత పెదవుల మీద ఒక వేలు, వేలి చుట్టూ మీసాలు, వాటి వెనక తాపీగా నానాజీ మామ వస్తాడు. మామకు ఒకటే జబ్బు. చప్పుడు పడదు.

“ఇంజిన్ ఆపండి బాబూ! అవతల ఆవలో పిట్టలున్నాయి, బెదిరిపోతాయి. ఇక్కడ్నించి నడిసెల్లండి.”

ఆవ అంటే మా పెద్ద చెరువు. అది పక్షుల అభయారణ్యం అయ్యాక చలికాలమంతా అనకాపల్లి వైపు నుంచి కార్లే కార్లు. తెల్లవారేసరికి నీటి మీద కొంగలు, ఎవరో ఆరేసి మరిచిపోయిన పంచెల్లా ఉంటాయి. వాటి నిద్రకు మామ కాపలా. ఎవరూ ఇవ్వని ఉద్యోగం.

మేకల మెడగంటల్లో గడ్డి కుక్కేవాడు. తుమ్మొస్తే అత్త వంటింట్లోకి పరిగెత్తి తలుపేసుకునేది. అప్పలరాజు పెళ్లి ఊరేగింపు డప్పులతో ఆ మలుపు దాకా వచ్చింది.

“ష్!”

డప్పులు చంకల్లోకి వెళ్లాయి. కుర్రాళ్లు చప్పుడు లేకుండా గెంతుతూనే మలుపు దాటారు. పెళ్లికొడుకు తాత రెండు చెవులూ తడుముకున్నాడు.

“ఓరి నాయనో, నాకు సెవుడొచ్చేసిందిరా!”

అత్త ఒకసారి మామనే నిలదీసింది. “మరి నీ గురక మాటేటి? దానికంటే ట్రాక్టర్ నయం.”

“అది నిద్దర్లో సేసింది. పిట్టలు మనసులో ఎట్టుకోవు.”

ఆ మలుపులోనే మరిడమ్మ చెరకురసం బండి. భర్త పోయాక ఆమెకు మిగిలింది అరెకరం చెరకు. బెల్లానికి ధర లేదు. బండి పెడితే, కార్లు దుమ్ము కొట్టి పోయేవే తప్ప ఒక్కటీ ఆగేది కాదు. పొలం అమ్మేసి పట్నం పోతానని మూట కట్టింది. మామ బియ్యం బస్తా పంపితే తిప్పి పంపేసింది.

“నాకు కాళ్లూ సేతులూ ఉన్నాయి గదా అన్నియ్యా!”

ఆ మాటన్న వారంలోనే మామకు చప్పుడు జబ్బు పట్టుకుంది.

ఇప్పుడు మరిడమ్మ మూట విప్పేసింది. ఆమె చెరకు చాలక పక్క రైతుల చెరకూ ఆ బండికే వస్తోంది. ఫ్యాక్టరీ గేటు చూడకుండానే గ్లాసుల్లోకి దిగిపోతోంది. పక్కనే బుల్లమ్మ జామకాయల బుట్ట, ఇంకెవరివో బెల్లం అచ్చులు. మలుపు చిన్న సంతయింది.

మొన్న వేసవిలో పిల్లలతో కారులో వెళ్లాను. ఆవలో నీరు తగ్గి, ఆకాశం కూడా ఖాళీగా ఉంది.

“ష్ష్ష్...”

“మావా! పిట్టలెగిరిపోయి నెల దాటింది.”

“ముందు ఇంజిన్ ఆపు.”

ఆపాను. పిల్లలు దూకి రసం బండి దగ్గరికి పరిగెత్తారు. రసం తీసే మిషన్ గడగడ, కీచుకీచు, పైగా దాని చక్రానికి కట్టిన మువ్వలు! ఆవ అవతలి గట్టుకు కూడా వినిపించే మోత.

“మావా, ఈ మిషన్‌ని ఎప్పుడూ ‘ష్’ అనవేటి?”

మామ మీసం సవరించుకుని, లేని కొంగల కోసం ఆకాశంలోకి చూశాడు. అప్పుడు తట్టింది నాకు.

“ఓరి మావా! నువ్వు కాపలా కాసింది పిట్టలకి కాదన్నమాట! ఆ మరిడ...”

వేలు ఈసారి నా పెదవుల మీదికి వచ్చింది. గ్లాసు కడుగుతున్న మరిడమ్మ తలెత్తి ఇటే చూస్తోంది.

“ష్! ఇంటాదిరా.”