అంతా మంచిగనే ఉందని రాసిన ఉత్తరాలు

చర్ల దాటాక తారు రోడ్డు అయిపోయింది. అక్కడి నుంచి మా పోలీసు క్యాంపుకు ఎర్రమట్టి బాట. జూలై వానలో నడిచి చేరాం. ఇసుక బస్తాల గోడ, రేకుల షెడ్లు, చుట్టూ ముళ్లకంచె. సెల్ టవర్‌ను నక్సలైట్లు అంతకుముందే తగలబెట్టారు. అందుకే ఉత్తరాలు. రేషన్ బండి డ్రైవర్‌కు ఇస్తే భద్రాచలంలో పోస్టు చేసేవాడు.

నాది ముదిగొండ దగ్గరి పల్లె. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మొదటి వారంలోనే మందుపాతర పేలి మాలో ఒకడి కాలు పోయింది. ఆ సాయంత్రం ఇంటికి రాశాను: "అమ్మా, ఈడ అంతా మంచిగనే ఉంది. పొద్దున నెమళ్లు అరుస్తయ్."

మా వైర్‌లెస్ ఆపరేటర్ బోనకల్ వాడు. భుజం మీదుగా చదివి నవ్వాడు. "నువ్వు నెమళ్లు రాసినవా? నేను మా అమ్మకు కుందేళ్లు రాసిన."

సెప్టెంబరులో వాగు అవతలి గుట్టను గాలించమని ఉత్తర్వు వచ్చింది. తెల్లారగానే బయలుదేరాం. ముందు కమాండర్, వెనక ఆపరేటర్, ఆ వెనక నేను. వాగు దాటి వెదురు పొదల్లోకి అడుగుపెట్టగానే నేల పేలింది. పొగ చెదిరాక చూస్తే కమాండర్‌కు మోకాళ్ల కింద ఏమీ లేదు.

గుట్ట మీద నుంచి కాల్పులు మొదలయ్యాయి. ఆపరేటర్ బోర్లా పడుకుని సెట్‌లో అరుస్తున్నాడు.

"బేస్, బేస్! మా మీద దాడి. వాగు అవతల..."

మాట తెగిపోయింది. తూటా గొంతులోంచి దూసుకుపోయింది.

నేను కమాండర్ తొడకు బెల్టు బిగిస్తున్నాను. "నన్నిడిచిపెట్టు. సెట్ తీస్కో, జల్దీ" అన్నాడాయన. పాకుతూ వెళ్లి తీసుకున్నాను. బేస్‌కు చోటు చెప్పాను. పొదలోంచి ఒకడు తుపాకి ఎత్తి లేచాడు. కాల్చాను. నా ఈడువాడే. కడుపు పట్టుకుని కూలబడ్డాడు. ఏదో అన్నాడు, నాకు రాని భాషలో. తర్వాత పక్కకు ఒరిగాడు.

సాయం వచ్చేసరికి కమాండర్ కూడా లేడు.

మర్నాడు ఇంటికి ఉత్తరం మొదలుపెట్టాను.  "అంతా మంచిగనే ఉంది" అని మాత్రం రాసి పంపాను.

మరుసటి వేసవిలో ఇల్లు చేరాను. అమ్మ బావి దగ్గర బట్టలు ఉతుకుతోంది. నాన్న నా పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు. "వానకాలం తర్వాత నీ ఉత్తరాలు ఒక్కపారే పొట్టిగైనయ్. ఏమైంది బిడ్డా?"

అప్పుడు చెప్పాను.

"మా ఆపరేటర్ చచ్చిపోయిండు నాయినా. అయినా బొటనవేలు సెట్ మీటను నొక్కే ఉంది. అది ఇడిస్తే గాని అవతలోళ్ల మాట మాకు ఇనబడదు. ఎంత గుంజినా రాలే. రెండు చేతులతో ఇరిచి తీసిన."

నాన్న నా చేయి పట్టుకున్నాడు.

ఎన్నేళ్లయినా ఆ వేలు నా కళ్ల ముందు నుంచి పోదు. నెత్తుటి మీట మీద గోరు తెల్లబడేలా నొక్కిన వేలు. అది లేచిన మరుక్షణం సెట్‌లోంచి బేస్ గొంతు వినిపించింది.

"ఇంటున్నం, చెప్పు తమ్మీ. ఏడున్నవ్?"