నేను గట్టిగా చెప్పిన తప్పు

బీయస్సీ నర్సింగ్ చదివే రోజుల్లో ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో నా గదిలో ఒక సిద్దిపేట అమ్మాయి ఉండేది. ఇద్దరిదీ ఒకే పుస్తకం, చదివే తీరు మాత్రం వేరు. పైకి అంటే తప్ప నాకు ఏదీ బుర్రకెక్కేది కాదు. రెండు మంచాల మధ్య తిరుగుతూ, ఎదురుగా క్లాసు ఉన్నట్టే పాఠం చెప్పేదాన్ని. తను గోడకు ఆనుకుని కూర్చుని, నేను చెప్పేదంతా సన్నటి అక్షరాలతో రాసుకునేది. క్లాసులో ఏదడిగినా ముందు జవాబు నాదే. తను తెలిసినా చెప్పేది కాదు. నేనే తెలివైనదాన్ననుకున్నాను. ఆ మాట నాకంటే తనే ఎక్కువ నమ్మింది.

మూడో ఏడాది పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇద్దరికీ డ్యూటీ వేశారు. ఒకరోజు పొద్దున మెట్రోలో నిలబడి ఇంజెక్షన్ల పాఠం వల్లె వేస్తున్నాను, తను పక్క సీట్లో కూర్చుని రాసుకుంటోంది. పొటాషియం నేరుగా నరంలోకి ఇచ్చేయొచ్చన్నాను. ఇంకో మందు సంగతి దీనికి అంటగట్టానని నాకు తెలియనే లేదు.

తను రాయడం ఆపింది. "నేరుగనేనా?"

"నేరుగానే. ఏంటి నీ అనుమానం?"

తను మళ్ళీ అడగలేదు. అమీర్‌పేటలో జనం తోసుకుంటూ ఎక్కారు, మాట అక్కడితో తెగిపోయింది.

ఆ పూటే వార్డులో ఒక పెద్దాయనకు డాక్టర్ పొటాషియం రాశారు. నేను పక్క మంచం దగ్గర కట్టు మారుస్తున్నాను. తను సిరంజిలో మందు నింపి ఆయన చేతి దగ్గరకు వంగడం చూశాను. నాకేమీ తప్పనిపించలేదు.

"ఆగు!" ఇన్‌ఛార్జి సిస్టర్ పరుగున వచ్చి తన మణికట్టు పట్టుకుంది. "సెలైన్‌ల కలపకుండ ఇస్తవా? గుండె ఆగిపోతది, ఎరుకేనా? ఎవరు చెప్పిండ్రు నీకు?"

తను సిరంజిని ట్రేలో పెట్టేసింది. నా వైపు చూడను కూడా లేదు.

"ఏమైంది బిడ్డా?" అని పెద్దాయన నవ్వుతూ అడుగుతున్నాడు.

కట్టు ముడి వేసి దగ్గరికి వెళ్ళి, "నేనే చెప్పాను సిస్టర్" అన్నాను. ఇద్దరినీ వార్డు నుంచి పంపేశారు.

మెట్ల మీద తనను అడిగాను. "అనుమానమొచ్చినప్పుడు పుస్తకం చూడొచ్చు కదా?"

"నువ్వు అంత గట్టిగ చెప్పినంక, నాకే తప్పు యాదికున్నదేమో అనుకున్న."

ఆ వారంలోనే తను గది మారింది. చదువు పూర్తిచేసి మంచి నర్సయిందని తర్వాత విన్నాను. నాతో మాత్రం మళ్ళీ కూర్చుని చదవలేదు.

ఇప్పుడు నేనే నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మొన్న కావాలనే ఒక మోతాదు పదింతలు ఎక్కువ చెప్పి, ఆగి చూశాను. క్లాసంతా రాసుకుంది. వెంటనే కొట్టివేయించి, ఎందుకు రాశారని అడిగాను.

"మీరు చెప్పారు కదా, మేడమ్" అన్నారు.