పూజలో పెట్టిన కంప్యూటర్లు

మాకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కోవిల్‌పట్టి నుంచి రోజూ బస్సెక్కి విరుదునగర్ పోయి, పంట నష్టం అర్జీలు ఎక్కించే ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను. మా అధికారిదీ మాలాగే నల్లరేగడి పల్లెటూరే. నలుగురిలో తమిళం మాట్లాడతారు. నన్ను మందలించాలంటే మాత్రం గొంతు తగ్గించి ఇంటి తెలుగులోకి దిగుతారు.

ఆ కంప్యూటర్లను నడిపేది ఎవరైనా ఊరికే తెచ్చుకుని వాడుకోగల సిస్టమ్. దాని లోపల రాసిందంతా లోకం చదవొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. ఆయనకు మొదట అదే గిట్టలేదు.

"ఇలవసంగా వచ్చిండేదానికి ఎవురమ్మా జవాబు చెప్పేది?" అనేవారు.

ఇలవసమంటే ఉచితం. ఎన్నికలప్పుడు ఊరికే పంచే మిక్సీల జాబితాలో దీన్నీ కలిపేశారు మహానుభావుడు. తర్వాత ఏదో కంపెనీ దాని తెర మీద బొమ్మ మార్చి, ప్రభుత్వ పరీక్షకు పంపి, భద్రమైనదే అని సర్టిఫికెట్ తెచ్చింది. అంతే, నిన్నటిదాకా దిక్కులేనిది ఒక్కసారిగా మహారాజైపోయింది. సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి ఆయన కుర్చీ వెనక గోడకు తగిలించారు.

ఆయుధపూజ సెలవుకు ముందురోజు, ఆ సిస్టమ్‌లో దొంగలు దూరే కన్నం ఒకటి బయటపడిందని, దాన్ని పూడ్చే దిద్దుబాటు కూడా వచ్చేసిందని తెలిసింది. గబగబా ఆఫీసుకు పోయాను. అప్పటికే కంప్యూటర్లన్నిటికీ గంధం, కుంకుమ పెట్టి కీబోర్డుల మీద పూలు చల్లేశారు.

"పూజలో పెట్టిండాము. ఇప్పుడు ముట్టొద్దమ్మా," అన్నారు మా అధికారి.

సరే అనుకున్నాను. మా ఇంట్లోనూ పూజలో పెట్టిన కొడవలిని, పారను ఆ రోజు ముట్టం. సెలవులు కాగానే మళ్ళీ వెళ్ళి అడిగాను.

"దిద్దితే సిస్టమ్ నంబరు మారుతుందా?" అన్నారాయన.

"వెర్షన్ నంబరు మారుతుంది సార్."

"సర్టిఫికెట్‌లో ఉండేది పాత నంబరు కదా. మారితే అది చెల్లదు. మల్లా పరీక్ష చేసి కొత్తది ఇచ్చేదాకా ముట్టొద్దు."

"కన్నం తెలిసిన దొంగ సర్టిఫికెట్ చదివి వెనక్కి పోతాడా సార్?"

"నీకు వాయి ఎక్కువమ్మా," అన్నారు. నోరెక్కువని. పైవాళ్ళను అడిగితే వాళ్ళూ అదే పాట పాడారు. మా ఇంటి కొడవలి మర్నాడే గడ్డి కోతకు పోయింది. ఈ కంప్యూటర్లు మాత్రం పూజలోంచి లేవలేదు. ఆ మూర్ఖత్వం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఏడు ఐప్పసి నెల వానలు విడవకుండా పట్టుకుని మా అన్న మినుము చేను నిలువునా కుళ్ళిపోయింది. ఆఫీసువాళ్ళు వచ్చి ఫోటోలు తీసి మా కంప్యూటర్లలోనే ఎక్కించారు. ఇంక సాయం వస్తుందన్న ధైర్యంతో అన్న ఆ కుళ్ళంతా దున్నేసి జొన్న చల్లాడు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం తెరలన్నీ నల్లబడి, వాటి మీద ఎవడిదో బెదిరింపు కనిపించింది. ఆ కన్నంలోంచే వచ్చారు. ఫోటోలన్నీ పోయాయి. నకళ్ళు దాచిన కంప్యూటర్‌లోనూ అదే సిస్టమ్, అదే కన్నం, అదే సర్టిఫికెట్; అవీ పోయాయి.

అన్న వచ్చి అధికారి ముందు నిలబడ్డాడు.

"చేను మల్లొకసారి ఫోటో తీసుకోని రాప్పా," అన్నారాయన.

"ఆ చేన్లో ఇప్పుడు జొన్న ఉండాది సార్. కుళ్ళిపోయిన మినుములు యాడనించి తెచ్చేది?"

"మా తప్పేమీ లేదు. మా సిస్టమ్‌కు సర్టిఫికెట్ ఉండాది." కుర్చీ తిప్పి గోడను చూపించారు. అన్న తుండుగుడ్డ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ చేనుకు ఇప్పటికీ ఏ సాయమూ రాలేదు.

ఈ ఏడు ఆయుధపూజకు గంధం గిన్నె నా చేతికే ఇచ్చారు. కంప్యూటర్లకు పెట్టడం అయ్యాక, గోడవైపు చూపించి, "దానికీ పెట్టమ్మా," అన్నారు.

పెట్టాను. ఆ పాత నంబరు ఉన్నచోటు వెతికి, ఒక్క అంకె కూడా కనబడకుండా దట్టంగా మెత్తాను.

"రొంబ బాగుండాది," అని ఆయన ఫ్రేమును తాకి కళ్ళకద్దుకున్నారు.