పాడు గోడల్లో నన్ను పేరు పెట్టి పిలిచిన గొంతు

ఫీనిక్స్ బే రేవులో ఓడ ఎక్కిన మర్నాడు ఉదయం ఒక చిన్న దీవి దగ్గర ఆగాం. అక్కడ కొత్తగా కాపురం పెట్టిన నాలుగు కుటుంబాలకు బియ్యం, కిరసనాయిలు దించాలి. మూడు గంటలు పడుతుందన్నారు. నేను మాయాబందర్ బళ్లో మేస్టరుగా చేరడానికి వెళుతున్నాను. పెళ్లయి రెండు నెలలు. మా ఆవిడ ఓడ ప్రయాణం పడక డెక్కు మీద దుప్పటి కప్పుకుని పడుకుంది.

ఆ దీవిలో ఇంగ్లీషు వాళ్ల కాలం నాటి కోట ఉందని ఎవరో అన్నారు. పిల్లలకు చరిత్ర చెప్పేవాణ్ణి, చూడకుండా ఎలా ఉంటాను? ఆమెను లేపి గంటలో వచ్చేస్తానన్నాను.

"ఒక్కరూ ఎల్లొద్దండీ" అంది.

విననట్టే బస్తాల పడవ ఎక్కాను.

"ఓడ రెండుసార్లు కూత పెడితే వచ్చేయాలి, మాస్టర్‌జీ. నీళ్లు తగ్గితే పడవ కదలదు. మళ్లీ ఓడ పదిహేను రోజులకే" అన్నాడు పడవవాడు.

కోటా లేదు, గీటా లేదు. కప్పుల్లేని ఇటుక గదులు, గోడల్ని వేళ్లతో చుట్టేసిన చెట్లు. లోపలికి పోయినకొద్దీ గదులే. ఒకచోట గోడకు వరసగా ఇనప కడియాలు కనిపించాయి. అవి ఖైదీల కాళ్లకు వేసేవని తెలిసి ఇక చాలనుకున్నాను. వెనక్కి తిరిగితే వచ్చిన దారి లేదు. ఏ గోడ చూసినా ఒకేలా ఉంది. ఎంతసేపు తిరిగానో తెలియదు. చెమటకు చొక్కా తడిసి ముద్దయింది.

ఓడ కూత వినిపించింది. రెండుసార్లు.

పరుగెత్తబోయాను. అంతలో ఎవరో ఆడమనిషి గొంతు చించుకుని నన్ను పేరు పెట్టి పిలిచింది.

ఆ దీవి మీద నా పేరు తెలిసినవాళ్లు లేరు. అలాంటి గొంతు నేనెప్పుడూ వినలేదు. పాడుబడ్డ చోట్ల పేరు పెట్టి పిలిస్తే పలకొద్దని, పలికితే దెయ్యం వెంటపడుతుందని మా నాయనమ్మ చెప్పేది. ఇలాంటివి నమ్మొద్దని పిల్లలకు చెప్పే పెద్దమనిషిని, ఒక మూలకు నక్కి రెండు చేతులతో నోరు మూసుకున్నాను. మళ్లీ పిలిచింది. మళ్లీ. ఒక్కో పిలుపూ దగ్గరికొస్తోంది. తరవాత ఆగిపోయింది.

చప్పుడు చెయ్యకుండా గోడ దాటి, పల్లం ఎటుంటే అటు పడుతూ లేస్తూ ఒడ్డు చేరాను. పడవవాడు ఒక్కడే ఉన్నాడు.

"మీ ఇంటామె ఏది?"

"ఓడలో ఉంది."

"నహీ, మాస్టర్‌జీ. ఇందాక నా పడవలోనే వచ్చింది, మీకోసం. ఆ గోడల్లోకి వెళ్లింది. జల్దీ."

ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. "ఏమే, నేనే, ఎక్కడున్నావే" అని అరుస్తూనే ఉన్నాను. నేను నక్కిన గదికి కాస్త అవతల, నేల మీద కూర్చుని కనిపించింది. పుస్తెలు పిడికిట్లో పట్టుకుని ఉంది. నన్ను చూసినా కదల్లేదు. దగ్గరికెళ్లి భుజం పట్టుకున్నాక నా ముఖం, చేతులు తడిమి చూసింది.

"గంటన్నారు. ఏమండీ ఏమండీ అని ఎంత పిలిచినా పలకలేదు. దిక్కుతోచక మీ పేరు నోట తీశాను. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గిపోద్దని మా అమ్మ చెప్పింది. పేరెట్టి పిలిచినా మీరు పలక్కపోయేసరికి, నా నోటితో నేనే మిమ్మల్ని చంపుకున్నానేటి అనుకున్నాను."

"నాకు వినిపించలేదు" అన్నాను.

పడవ అందింది, ఓడా అందింది. ముప్పై ఏళ్లు ఆ దీవుల్లోనే కాపురం చేశాం. ఆమె మళ్లీ నా పేరు పలకలేదు. రేషను కార్డు రాసేవాడు అడిగినా పక్కింటి దీదీ చేత చెప్పించేది. ఆ రోజు వినిపించిందని, విని దాక్కున్నానని చెప్పే ధైర్యం ఆమె ఉన్నన్నాళ్లూ నాకు రాలేదు.